మిద్దెకు పిట్టగోడ ఎవరి కోసం?



క్రిందటి నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిశాక, మందిరము ముందున్న వేపచెట్టు క్రింద ఒక వాదము పుట్టింది. పాలిటెక్నిక్ చదువుతున్న మన యువకుడొకడు, “ప్రతి ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులే ఉండాలి, కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లే ఉండాలి అని ప్రభుత్వం చట్టం చేసెయ్యాలి. చెప్తే వినే జనం కాదు మనది” అన్నాడు. సంఘ పెద్దలలో ఒకరు వెంటనే అందుకున్నారు. “ఒరేయ్ అబ్బాయీ, నా ఇంట్లో ఏ బల్బు వెలగాలో చెప్పడానికి వాళ్ళెవరు? బిల్లు కట్టేది నేను. రేపు మా ఇంట్లో కూరలో ఉప్పెంత వెయ్యాలో కూడా చెప్తారా?” అన్నారు. “అది కాదు పెదనాన్నా” అని కుర్రవాడు మొదలుపెట్టే లోపలే నలుగురు అటు, నలుగురు ఇటు చేరారు. చివరకు అందరూ నా వైపు తిరిగి, “అయ్యగారూ, మీరేమంటారు?” అన్నారు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. “వచ్చే నెల పత్రికలో రాస్తాను” అని తప్పించుకున్నాను. తప్పించుకోవడానికి కారణముంది. ఈ విషయములో నా చెయ్యి ఒకసారి కాలింది. ముందు ఆ సంగతి ఒప్పుకొని, తరువాత నా అభిప్రాయము చెప్పడమే న్యాయము.

పచ్చ లైటు డబ్బా

2018లో ఒక మధ్యాహ్నము, మెడలో కార్డు, భుజాన సంచి వేసుకున్న మనిషి ఒకడు పాస్టరు నివాసానికి వచ్చాడు. సంచిలోనుండి అరచేయంత తెల్ల డబ్బా తీసి ప్లగ్గులో పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. “ఇది ఇంట్లో ఉంటే కరెంటు బిల్లు మూడోవంతు తగ్గిపోతుందండీ. త్వరలో గవర్నమెంటు ప్రతి ఇంటికీ ఇది తప్పనిసరి చేస్తోంది. అప్పుడు ధర పెరుగుతుంది, పెట్టని వాళ్ళకు జరిమానా. ఇప్పుడైతే 1,250 రూపాయలే” అన్నాడు.

“తప్పనిసరి” అన్న మాట నా మీద పని చేసింది. మీటర్లు మార్చిన రోజులు, కార్డులు మార్చిన రోజులు మనందరికీ గుర్తే గదా. వరుసలో ముందు నిలబడినవాడే బాగుపడ్డాడని మనకొక నమ్మకము. నేను కొన్నాను. పాస్టరుగారు కొన్నారని తెలిసి ఆ సాయంత్రములోగా మన పేటలో పదకొండు కుటుంబాలు కొన్నాయి.

రెండు నెలల బిల్లులు వచ్చాయి. నా బిల్లులో అర్ధరూపాయి తేడా లేదు. పైన చెప్పిన ఈ పాలిటెక్నిక్ కుర్రవాడి అన్న ఎలక్ట్రీషియను. అతను ఆ డబ్బాను స్క్రూడ్రైవరుతో విప్పి చూపించాడు. లోపల బొటనవ్రేలంత కెపాసిటర్ ఒకటి, రెండు మూడు చిన్న ముక్కలు, ఆ పచ్చ లైటు. అంతే. పచ్చ లైటు మాత్రము నిజముగానే వెలుగుతోంది, దాని కరెంటు కూడా మనమే కడుతున్నాము.

ఆ పదకొండు మందిలో ఒక విధవరాలైన మామ్మ ఉంది. కోడిగ్రుడ్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నది. నేను ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. “మీరేం చేస్తారు అయ్యగారూ, మీరు కొన్నారు గదా అని కొన్నాను” అన్నది. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆమె డబ్బు ఆమెకు తిరిగి ఇచ్చాను. మిగిలిన పదిమందికీ ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఆ మాట కూడా దాచకుండా వ్రాస్తున్నాను.

ఆ డబ్బా ఎందుకు పని చేయదో మీకు తెలియాలి, ఎందుకంటే అటువంటి సంచులు ఇంకా ఊళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. పాలు పితికినప్పుడు చెంబులో పాలూ ఉంటాయి, పైన నురగా ఉంటుంది. మోటారు, ఫ్యాను, పాత చోకు ఉన్న ట్యూబులైటు, ఇవన్నీ తీగలో నుండి పాలతోపాటు కొంత నురగను కూడా లాగుతాయి. ఆ నురగ పని చేయదు, ఊరికే పోతూ వస్తూ ఉంటుంది. కెపాసిటర్ చేసే పని ఆ నురగను తగ్గించడమే. అయితే మన ఇంటి మీటరు పాలనే కొలుస్తుంది, నురగను కొలవదు. యూనిట్టంటే పాల లెక్క. నురగకు మీరు డబ్బే కట్టనప్పుడు, నురగ తగ్గితే మీ బిల్లు ఎలా తగ్గుతుంది?

అయితే కెపాసిటర్ అనేదే మోసమని అనుకోవద్దు. అదే వస్తువు పొలములో బోరు మోటారు దగ్గర, మోటారుకు తగిన సైజులో పెడితే మేలు చేస్తుంది. పది మోటార్లు ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద ఆడుతున్నప్పుడు, పాలూ నురగా రెండూ పట్టేంత పాత్ర ఆ ట్రాన్స్‌ఫార్మరుకు కావాలి. నురగ ఎక్కువైతే వోల్టేజి పడిపోతుంది, మోటార్ల వైండింగు కాలుతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. నాట్ల సమయములో ట్రాన్స్‌ఫార్మరు కాలిన ఊరి సంగతి రైతు కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

2004 మే 14న అప్పటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖర రెడ్డిగారు వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద సంతకము చేశారు. మరుసటి సంవత్సరము ఆ పథకానికి కొన్ని నిబంధనలు చేర్చారు. ఐ.ఎస్.ఐ. గుర్తున్న మోటారు, కెపాసిటర్, నీటిని సులువుగా లాగే ఫుట్‌వాల్వు, నున్నని ప్లాస్టిక్ పైపు ఉండాలన్నారు. మా ఊళ్ళో కొందరు పెట్టారు, కొందరు పెట్టలేదు. పెట్టని వారి మాట నాకు గుర్తుంది. “కరెంటే ఉచితమైనప్పుడు కెపాసిటర్ పెడితే నాకేమి మిగులుతుంది?” అన్నారు. నిజమే, అతనికి మిగిలేది తక్కువ. అదే ట్రాన్స్‌ఫార్మరు మీద చివరనున్న పొరుగు రైతుకు మిగిలేది చాలా ఉంది. ఇక్కడే మన ప్రశ్నకు మొదటి తీగ దొరుకుతుంది. నా ఖర్చుతో నాకే లాభము వచ్చే పనికి చట్టము అవసరము లేదు, తెలియజెప్పితే చాలు. నా ఖర్చుతో పొరుగువానికి మేలు కలిగే పనికే చట్టము అవసరము పడుతుంది.

రెండు ఆజ్ఞలు, ఒకే గుమ్మము

ప్రభుత్వము ఇంటిలోపలికి రావచ్చునా అన్న ప్రశ్న కొత్తది కాదు. ద్వితీయోపదేశకాండములో, రెండే అధ్యాయాల తేడాతో, దీనికి రెండు వైపులా రెండు ఆజ్ఞలున్నాయి.

మొదటిది 22వ అధ్యాయము 8వ వచనములో ఉంది. కొత్తగా ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ పెట్టాలి, పెట్టకపోతే అక్కడనుండి పడిన మనిషి ప్రాణము ఆ ఇంటి లెక్కలో పడుతుందని దాని భావము. ఆ దేశములో మిద్దెలు చదునుగా ఉండేవి. అక్కడ జనుపకట్టె ఆరబెట్టుకొనేవారు, వేగులవారిని రాహాబు దాచింది అక్కడే. పేతురు ప్రార్థనకు ఎక్కింది కూడా మిద్దె మీదికే. ఇల్లు నాదే, మిద్దె నాదే, ఇటుక ఖర్చు నాదే. అయినా పడేవాడు అతిథి కావచ్చు, పనివాడు కావచ్చు, పొరుగింటి పిల్లవాడు కావచ్చు. గనుక ఆజ్ఞ ఇంటి మీదికి ఎక్కింది.

రెండవది 24వ అధ్యాయము 10, 11 వచనాలలో ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసము పొరుగువాని ఇంట్లోకి చొరబడకూడదు. బయటనే నిలబడాలి, ఇంటివాడే దానిని తెచ్చి ఇవ్వాలి. అప్పు న్యాయమైనదే, తాకట్టు న్యాయమైనదే. అయినా పేదవాని గుమ్మానికి ఒక గౌరవమున్నది.

మన యువకుడు పిట్టగోడ ఆజ్ఞను పట్టుకున్నాడు, మన పెద్దాయన గుమ్మము ఆజ్ఞను పట్టుకున్నారు. ఇద్దరూ సగము సగము సరిగానే ఉన్నారు. గనుక ఏ నిబంధన వచ్చినా రెండు ప్రశ్నలు వేద్దాము. ఇది లేకపోతే పడేది ఎవరు? దీనికోసము ఎవరి గుమ్మము దాటుతున్నారు?

యెరూషలేము మిద్దెల మీద ఇప్పుడేముంది?

పరిశుద్ధ దేశయాత్రకు వెళ్ళివచ్చిన వారు తెచ్చిన ఫోటోలు చూడండి. మిద్దెల మీద తెల్లని నీళ్ళ ట్యాంకులు, వాటి ప్రక్కన వాలుగా పెట్టిన నల్లని పలకలు కనిపిస్తాయి. అవి ఎండతో నీళ్ళు కాచే పరికరాలు. గాజు క్రింద నల్లరంగు వేసిన రేకుకు గొట్టాలు అంటించి ఉంటాయి. ఎండకు వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లని నీరు క్రిందికి దిగుతుంది. అక్కడ పంపు లేదు, బిల్లు లేదు.

ఆ దేశములో 1950లలో ఇంధనము కరువైనప్పుడు రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు నీళ్ళు కాచుకోవడాన్ని ప్రభుత్వము నిషేధించింది. ఆ ఇబ్బందిలోనే లేవీ యిస్సార్ అనే ఆయన ఎండతో నీళ్ళు కాచే పరికరము తయారుచేసి, 1953లో దానికొక కంపెనీ పెట్టారు. కొందరు కొన్నారు, చాలామంది కొనలేదు. 1973లో అరబ్బు దేశాల చమురు సంక్షోభము తరువాత ఆలోచన మారింది. 1980లో కొత్తగా కట్టే ఇళ్ళన్నిటికీ ఈ పరికరము తప్పనిసరి అని చట్టము చేశారు. ఎత్తైన భవనాలకు మినహాయింపు ఇచ్చారు. ఎందుకంటే అంతస్తులు ఎక్కువై మిద్దె చిన్నదైతే పలకలకు చోటు చాలదు. ఈనాడు అక్కడ అత్యధిక కుటుంబాలు ఎండనీళ్ళే వాడుకుంటున్నాయి.

ఈ చట్టము ఎందుకు నిలిచిందో గమనించండి. మొదటిది, అప్పటికి పాతిక సంవత్సరాలకు పైగా వాడి చూసిన వస్తువు అది, నిన్న సంచిలో వచ్చిన డబ్బా కాదు. రెండవది, నియమము కొత్త ఇంటికి పెట్టారు. పిట్టగోడ ఆజ్ఞ కూడా కొత్త ఇల్లు కట్టేవానికే గదా. కట్టేటప్పుడు ఇంటి ఖర్చులో అదొక చిన్న భాగము, కట్టిన పాత ఇంటికి అదే పెద్ద భారము. మూడవది, పెట్టిన ఖర్చు ఆ ఇంటివారికే కొన్నేళ్ళలో తిరిగి వస్తుంది.

దీనికి వేరుగా నడిచిన కథ కూడా ఉంది. జర్మనీలో 2023లో, ఇళ్ళు వెచ్చచేసే కొత్త యంత్రాలు కనీసము 65 శాతము పునరుత్పాదక శక్తితో నడవాలని ప్రభుత్వము చట్టము తలపెట్టింది. చలిదేశములో ఆ యంత్రము లేనిదే బ్రతకలేరు, దాని ఖర్చు చాలా ఎక్కువ. ఇంటి పొయ్యి దగ్గరకు ప్రభుత్వము వచ్చిందని జనము ఆగ్రహించారు. చివరకు గడువులు పెంచి, సహాయధనము చేర్చి, మెత్తబరచిన తరువాతనే అది 2024 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఉద్దేశము మంచిదే కావచ్చు. అయితే పాత ఇంటిలో ఉన్న వృద్ధ దంపతులకు “డబ్బెక్కడనుండి?” అన్న ప్రశ్నకు జవాబు ముందుగా చెప్పకుండా ఆజ్ఞను ముందు చెప్పారు.

మన దేశములో జరిగినది

మన దేశములో 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చింది. 2006లో ఫ్రిజ్‌ల మీద, ఎ.సి.ల మీద నక్షత్రాల గుర్తులు మొదలయ్యాయి. మొదట ఇష్టమున్న కంపెనీలు మాత్రమే అంటించేవి. 2010 నుండి కొన్ని రకాల ఫ్రిజ్‌లకు, ఎ.సి.లకు, ట్యూబులైట్లకు తప్పనిసరి అయింది. 2018లో ఎల్.ఇ.డి. బల్బులకు, 2023 జనవరి నుండి సీలింగు ఫ్యాన్లకు కూడా తప్పనిసరి చేశారు. ఎ.సి.లు 24 డిగ్రీల మీద అమర్చి అమ్మాలన్న నియమము 2020లో వచ్చింది. కొన్నవారు దానిని మార్చుకోవచ్చు.

ఈ నియమాలు ఎవరి మీద ఉన్నవో చూడండి. తయారుచేసేవాని మీద, అమ్మేవాని మీద ఉన్నవి. మీ ఇంటికి ఎవరూ వచ్చి ఫ్యాను విప్పి చూడరు. ఇది గుమ్మము బయట నిలబడిన చట్టము. ఇంకొక మాట. ఈ చట్టము మొదట కోరినది నిజము చెప్పమని. ఈ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో కొనేవానికి కనబడేటట్టు అంటించు అన్నది. 2018లో నా ముందు పెట్టిన ఆ తెల్ల డబ్బా మీద అటువంటి చీటీ ఏదీ లేదు. నేను వెదకలేదు కూడా.

బల్బుల సంగతి మరీ విచిత్రము. ఎల్.ఇ.డి. బల్బు పెట్టి తీరాలని మన ఇళ్ళకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి కోట్ల బల్బులను ఒక్కసారిగా టోకున కొన్నది. 2014 మొదట్లో ఆ సంస్థకు ఒక్కొక్క బల్బు 310 రూపాయలు పడింది. 2016కి అదే 38 రూపాయలకు వచ్చింది. 2014లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలలో, ఇంటికి రెండు చొప్పున, పాత బల్బు ఇచ్చి 10 రూపాయలు కడితే కొత్త బల్బు ఇచ్చారు. ఆ వరుసలలో మనలో చాలామంది నిలబడ్డాము. 2015 జనవరి నుండి ఈ పని దేశమంతటా ఉజాల అనే పేరుతో జరిగి, 36 కోట్లకు పైగా బల్బులు పంచబడ్డాయి. బలవంతము లేకుండానే ఊళ్ళకు ఊళ్ళు మారిపోయాయి.

లెక్క మీరే వేసుకోవచ్చు. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. అంతే సేపు వెలిగితే నెలకు యూనిట్టున్నర లోపు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు, రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. ఇప్పుడు వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లు, అంతే సేపు తిరిగితే 11 యూనిట్ల లోపు. తెలంగాణలో 2024 నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ గీత దాటితే కట్టవలసిందే. గనుక అక్కడి కుటుంబానికి కూడా ఈ లెక్క పనికివస్తుంది. “ఉచితమే గదా” అనుకున్న ఇల్లే వేసవిలో గీత దాటుతుంది.

బలవంతము ఎక్కడ గాయపరుస్తుంది?

ఇంత లాభమున్నప్పుడు చట్టము చేసి పాతవన్నీ తీయించివేస్తే పోలేదా అని మన యువకుడు అడుగుతాడు. అతనికి మూడు సంగతులు చెప్పాలని ఉన్నది.

మొదటిది ఆ మామ్మ ఇల్లు. మొన్న మళ్ళీ వెళ్ళాను. ఆమె గదిలో ఎల్.ఇ.డి. ఉంది. మూలన బోర్లించిన గంప క్రింద మాత్రము పాత 60 వాట్ల బల్బు వెలుగుతోంది. గంపలో ఇరవై వనరాజా కోడిపిల్లలు. తల్లి లేకుండా కొని తెచ్చిన పిల్లలు గనుక వెచ్చదనము లేకపోతే రాత్రికి చచ్చిపోతాయి. వెలుతురు కోసము వాడినప్పుడు పాత బల్బు దుబారాది. అది తాగే కరెంటులో ఎక్కువ భాగము వేడిగానే పోతుంది. మామ్మకు కావలసింది ఆ వేడే. పట్టణములో కూర్చుని చట్టము వ్రాసేవానికి బల్బు అంటే వెలుతురే. ఆమెకు బల్బు అంటే తల్లికోడి రెక్క.

రెండవది, వస్తువు పేరు పెట్టి చట్టము చేస్తే వచ్చే చిక్కు. ఎల్.ఇ.డి.కి ముందు సి.ఎఫ్.ఎల్. బల్బులే వాడండని అందరమూ చెప్పుకున్నాము. వాటిలో కొద్దిగా పాదరసముంటుంది. పగిలిన వాటిని మనము ఎక్కడ పారవేశామో మనకు తెలుసు, పెంటకుప్ప మీదనే. పదేళ్ళు తిరిగేసరికి వాటి కాలము అయిపోయింది. సి.ఎఫ్.ఎల్. ప్రతి ఇంటిలో ఉండాలని ఆనాడే చట్టము చేసి ఉంటే ఏమయ్యేది? “ఈ వస్తువే పెట్టు” అనడము కన్న “ఇంత కరెంటుకు ఇంత వెలుతురు ఇవ్వాలి” అని చట్టము చెప్పితే, మంచి వస్తువు వచ్చినప్పుడు అది తన చోటు తానే సంపాదించుకుంటుంది.

మూడవది అద్దె ఇల్లు. ఫ్యాను కొనేది ఇంటి యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. యజమాని అన్నిటికంటె చవక ఫ్యాను తగిలిస్తాడు. అద్దెకున్నవాడు తనది కాని ఇంటికి మంచి ఫ్యాను కొనడు. ఇక్కడ ఎవరికి తెలియజెప్పినా పని జరగదు. ఇక్కడ నియమము కావాలి, అది యజమాని మీద ఉండాలి. అద్దెకున్నవాని మీద పెడితే అది అన్యాయము.

నా జవాబు

ఇప్పుడు వేపచెట్టు క్రింద చెప్పని జవాబు చెప్తాను. ప్రభుత్వము తప్పనిసరి చేయవచ్చు, చేయాలి కూడా. అయితే బరువు మోయగల భుజము మీద ముందు పెట్టాలి. తయారుచేసేవాడు చెడ్డ వస్తువు తయారుచేయకూడదని చెప్పాలి. అమ్మేవాడు నిజము అంటించి అమ్మాలని చెప్పాలి. కొత్తగా కట్టే పెద్ద ఇళ్ళకు, అపార్టుమెంట్లకు, ప్రభుత్వమే కట్టించే కాలనీ ఇళ్ళకు మంచి ఫ్యాను, మంచి లైటు మొదటిరోజే అమర్చి ఇవ్వాలి. ప్రభుత్వ కార్యాలయాలలో, బడులలో, వీధి దీపాలలో ముందు తాను చేసి చూపించాలి.

పేదవాని ఇంట్లో తిరుగుతున్న పాత ఫ్యాను మీదికి మాత్రము చట్టము రాకూడదు. అది పెళ్ళికి వచ్చిన ఫ్యాను. మూడుసార్లు వైండింగు చేయించుకున్న ఫ్యాను. దానిని మార్చవలసియుంటే గుమ్మము బయట నిలబడి, కొత్తది చేతిలో పెట్టి, తరువాత పాతది అడగాలి. 10 రూపాయల బల్బు విషయములో మన ఇళ్ళ ముందు జరిగింది అదే, అందుకే ఎవరూ గొడవ పడలేదు.

పెద్దాయన అడిగిన ఒక మాటకు మాత్రము నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన అన్నారు: “అయ్యగారూ, టౌనులో నాలుగు ఎ.సి.లున్న మేడకు అయిదు నక్షత్రాలుంటే చట్టప్రకారము వాడు మంచివాడు. పాత ఫ్యానున్న మామ్మ చట్టప్రకారము దుబారా మనిషి. ఇదేమి న్యాయం?” నేను ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఎంత మంచి ఎ.సి. అయినా గంటకు సుమారు ఒక యూనిట్టు అనుకుందాము. నాలుగు ఎ.సి.లు రాత్రి 8 గంటలు నడిస్తే 32 యూనిట్లు. మామ్మ ఇంట్లో ఒక ఎల్.ఇ.డి. 5 గంటలు, పాత ఫ్యాను 10 గంటలు, రెండూ కలిపి రోజుకు 0.8 యూనిట్టు. కోడిపిల్లలు లేని రోజు లెక్క ఇది. అంటే ఆ మేడ ఒక్క రాత్రి వాడినది మామ్మకు నలభై దినాలకు సరిపోతుంది.

నక్షత్రాలు వస్తువు ఎంత మంచిదో చెప్తాయి, మనిషి ఎంత వాడుతున్నాడో చెప్పవు. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే బిల్లు ఈ పనిలో కొంత చేస్తుంది, అయితే డబ్బున్నవాడు కట్టివేస్తాడు. పరికరాల చట్టము ఆ మేడ గదిలోకి పోలేదు. అయిదువేలమంది తృప్తిగా తిన్న తరువాత కూడా మిగిలిన ముక్కలు పోగుచేయించిన ప్రభువు (యోహాను 6:12) మాట ఒక్కటే పోగలదు. అక్కడ ఎవరికీ కొదువ లేదు, అయినా దుబారా ఉండకూడదన్నారు. ఇది పేదవానికి చెప్పే పాఠము కాదు. అతడు ఎప్పటినుండో ముక్కలు పోగుచేసుకుంటూనే ఉన్నాడు. కలిగినవానికి చెప్పే పాఠము.

మన సంఘములోనూ కలిగినవారున్నారు. మందిరము కూడా ఒక కలిగిన ఇల్లే. మన మందిరములో పాత చోకు ట్యూబులైట్లు పద్నాలుగున్నాయి. ఒక్కొక్కటి చోకుతో కలిపి 50 వాట్లకు పైగా తాగుతుంది, 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబు అంత వెలుతురు ఇస్తుంది. కమిటీలో ఈ మాట పెట్టి మూడేళ్ళయింది. ఇతరుల ఇళ్ళకు చట్టము కావాలా వద్దా అని వాదించుకుంటూ, మనము ఆ లైట్ల క్రిందనే కూర్చున్నాము.

చివరగా కుటుంబాలకు నాలుగు మాటలు. ఇంటికి వచ్చి “గవర్నమెంటు ఆర్డరు, ఇప్పుడే కొనాలి” అన్నవాని దగ్గర ఏదీ కొనవద్దు, ముందు కరెంటాఫీసులో అడగండి. బిల్లు తగ్గించే డబ్బా ఏదీ లేదు, తక్కువ తాగే వస్తువే ఉన్నది. ఫ్యాను కాలి మార్చవలసి వచ్చినప్పుడు, ధర ఒక్కటే కాక దాని చీటీ మీద వాట్లు ఎన్నో చదివించుకోండి. పొలములో మోటారుకు కెపాసిటర్ లేకపోతే ఈ నాట్లకు ముందే లైన్‌మానును అడిగి తగిన సైజు పెట్టించండి, మీ బిల్లు కోసము కాదు, చివరి మోటారువాని కోసము. పాస్టరుగారు కొన్నారని మాత్రము ఏదీ కొనకండి.

మొన్న బయలుదేరుతుంటే మామ్మ అడిగింది: “అయ్యగారూ, మరి ఆ గంప క్రింద బల్బు ఉంచుకోవచ్చా?” ఉంచుకో మామ్మా అన్నాను. ఆ వెచ్చదనములో ఇరవై ప్రాణాలున్నాయి. పిట్టగోడ ఆజ్ఞ కూడా ప్రాణము పోకూడదనే గదా వచ్చింది.

ప్రభువు మీ ఇళ్ళను, మీ పొరుగిళ్ళను కాచి కాపాడును గాక.